నీటి కింది పరుగు: టార్పెడో చోదకం పుట్టుపూర్వోత్తరాలు

చెన్నైకి ఉత్తరాన, ఎన్నూరుకూ పులికాట్ సరస్సుకూ నడుమ, తిరువళ్లూరు జిల్లా కడలి ఒడ్డున ఉన్న ఊరు కాట్టుపల్లి. అక్కడి ఎల్ అండ్ టీ షిప్‌యార్డులో 2022 డిసెంబర్ 20న ‘అర్నాలా’ అనే యుద్ధనౌక నీళ్లలోకి దిగింది. కోల్‌కతాలోని గార్డెన్ రీచ్ నౌకా నిర్మాణ సంస్థతో కలిసి కట్టిన ఈ నౌకకు అప్పగించిన ముఖ్యమైన పని, తీరానికి దగ్గర్లో లోతు తక్కువ నీళ్లలో పొంచి ఉండే జలాంతర్గాములను పసిగట్టి వేటాడటం. అందుకోసం దానికి తేలికపాటి టార్పెడోలు అమర్చారు. 77 మీటర్ల ఈ ఓడను నడిపేవి మామూలు ప్రొపెల్లర్లు కావు, నీటిని లోపలికి పీల్చుకుని వడిగా వెనక్కి చిమ్మే వాటర్‌జెట్లు. డీజిల్ ఇంజన్‌తో వాటర్‌జెట్లను జోడించి నడిపే మన నౌకాదళపు ఓడల్లో పెద్దవాటిలో ఇదొకటి.

నీటిలో వేగంగా వెళ్లాలి, కానీ జాడ తెలియకూడదు. వేటాడే ఓడకైనా, దాక్కునే జలాంతర్గామికైనా, మధ్యలో దూసుకుపోయే టార్పెడోకైనా ఇదే పరీక్ష. ఈ రెండూ ఒకదానికొకటి పొసగవు. వేగం పెంచితే చప్పుడు పెరుగుతుంది. చప్పుడు తగ్గించాలంటే వేగం వదులుకోవాలి. టార్పెడో చోదక వ్యవస్థ చరిత్ర అంతా ఈ పేచీని తీర్చే ప్రయత్నమే.

తనంతట తాను నడిచే టార్పెడోకు పుట్టిల్లు ఏడ్రియాటిక్ తీరంలోని ఫియూమె రేవు. ఆస్ట్రియా నౌకాదళ అధికారి జొవాన్నీ లుప్పిస్ ఆలోచనను అందుకుని, ఆంగ్ల ఇంజనీరు రాబర్ట్ వైట్‌హెడ్ 1866లో దానికి రూపం ఇచ్చాడు. బాగా నొక్కిపెట్టి నింపిన గాలే ఇంధనం. తొలి టార్పెడో గంటకు పన్నెండు కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ వేగంతో, రెండు వందల మీటర్ల లోపే వెళ్లగలిగేది. దానికి ఒకే ప్రొపెల్లర్ ఉండటంతో, అది ఒక వైపు తిరిగితే టార్పెడో ఒళ్లు రెండో వైపు దొర్లబోయేది. ఒకే ఇరుసు మీద ఎదురెదురు దిశల్లో తిరిగే రెండు ప్రొపెల్లర్లు పెట్టాక ఆ దొర్లుడు ఆగింది. ఆ పద్ధతి నేటికీ నిలిచి ఉంది.

గాలితో ఇంకో చిక్కు ఉంది. నొక్కిపెట్టిన గాలి వ్యాకోచిస్తే చల్లబడుతుంది, చల్లబడితే బలం తగ్గుతుంది. అందుకని ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్లలో ఆ గాలిలో ఇంధనం మండించి, నీటిని ఆవిరిగా కలిపి ఇంజన్‌లోకి పంపడం మొదలుపెట్టారు. వేగం, దూరం రెండూ ఎన్నో రెట్లు పెరిగాయి. కానీ పొగ బుడగలై పైకి తేలి, నీటి మీద తెల్లటి చార గీసేది. ఓడ మీద కాపలావాడు ఆ చార చూసి ఓడను పక్కకు తిప్పించే అవకాశం ఉండేది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు బ్యాటరీతో నడిచే టార్పెడోను వాడి ఆ చారను చెరిపేశారు. దాని వేగం తక్కువే అయినా, జాడ మాత్రం లేదు. విద్యుత్తుకు ఇంకో మేలూ ఉంది. లోతుకు వెళ్లేకొద్దీ నీటి ఒత్తిడికి ఎదురుగా పొగను బయటికి నెట్టలేక ఇంజన్ నీరసిస్తుంది. బయటికి వదలాల్సిన పొగే లేని మోటారుకు లోతుతో పేచీ లేదు.

కంటికి కనిపించే జాడ పోయినా చెవికి వినిపించే జాడ మిగిలింది. ప్రొపెల్లర్ రెక్క మరీ వేగంగా తిరిగితే దాని వెనుక నీటి ఒత్తిడి పడిపోయి, చల్లటి నీరే ఎసరులా మరుగుతుంది. అలా పుట్టిన ఆవిరి బుడగలు మరుక్షణమే చితికిపోతూ పెద్ద చప్పుడు చేస్తాయి, లోహాన్ని కొరుకుతాయి. ఆవిరి టర్బైన్‌ను కనిపెట్టిన చార్లెస్ పార్సన్స్ తన ‘టర్బీనియా’ ఓడ అనుకున్న వేగం అందుకోకపోవడంతో, 1895లో ఒక చిన్న నీటి సొరంగం కట్టి ఈ బుడగలను కళ్లారా చూశాడు. ప్రొపెల్లర్లు మార్చాక 1897లో బ్రిటిష్ నౌకాదళ ప్రదర్శనలో ఆ ఓడ అందరినీ దాటి పరుగెత్తింది. దీనికి ముందే 1872లో ఆంగ్ల ఇంజనీరు విలియం ఫ్రౌడ్ ఇంగ్లండ్‌లోని టార్కీలో పొడవాటి నీటి తొట్టె కట్టి, దాని మీద నడిచే బండికి ఓడ నమూనాలను తగిలించి లాగుతూ నీటి ప్రతిఘటనను కొలిచాడు. సముద్రం కంటే ముందు తొట్టెను అడగాలని నేర్పినవాళ్లు వీళ్లిద్దరూ.

ఆ విద్య మన తీరానికి విశాఖపట్నంలో చేరింది. 1969లో ఏర్పడిన నావల్ సైన్స్ అండ్ టెక్నలాజికల్ లేబొరేటరీలో 500 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు, 8 మీటర్ల లోతున్న వేగ పరీక్షా తొట్టె ఉంది. అంత పొడవు ఎందుకు? ఓడను వెనక్కి లాగే శక్తిలో అలల పాలు పెద్దది. నమూనా పొడవు పదహారో వంతైతే, అసలు వేగంలో నాలుగో వంతుతో లాగినా ఆ అలల లెక్క తేలిపోతుంది. కానీ నీటి లోతున మునిగి వెళ్లే టార్పెడోకు అలలు ఉండవు, ఉన్నదాంట్లో ఎక్కువ పాలు ఒరుసుకునే నీటి ఘర్షణదే. ఆ లెక్క తేలాలంటే నమూనాను చాలా వేగంగా లాగాలి. వేగం అందుకోవడానికీ, కొలవడానికీ, ఆపడానికీ దూరం కావాలి. ఆ పక్కనే ఉండే నీటి సొరంగంలో ఒత్తిడి తగ్గించి, బుడగ ఎక్కడ మొదలవుతుందో చూసి రెక్క వంపు సరిచేస్తారు. మోటారును, బ్యాటరీని విడిగా బల్ల మీద పూర్తి భారంతో నడిపి చూస్తారు. ఇవన్నీ నెగ్గాకే సముద్రం.

ఈ దారిలో వచ్చిందే ‘వరుణాస్త్ర’. సుమారు ఒకటిన్నర టన్నుల బరువుండే ఈ టార్పెడో వెండి ఆక్సైడ్-జింక్ బ్యాటరీలతో గంటకు 74 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. 2016లో నౌకాదళానికి చేరిన దీన్ని భారత్ డైనమిక్స్ తన విశాఖ కర్మాగారంలో తయారుచేస్తోంది. పరీక్షలో పేలుడు పదార్థం బదులు కొలత పరికరాలు పెట్టి వదులుతారు. పరుగు ముగిసి పైకి తేలిన టార్పెడో ఎక్కడుందో ఉపగ్రహ సంకేతాలతో కనిపెట్టి వెనక్కి తెస్తారు. అందులో నమోదైన ప్రతి అంకె తర్వాతి రూపానికి పాఠమవుతుంది. 2023 జూన్‌లో అసలు పేలుడు పదార్థంతో వదిలితే నీటి కింది లక్ష్యాన్ని ఛేదించింది.

జలాంతర్గాములదీ ఇదే క్రమం. అణు జలాంతర్గామి ‘అరిహంత్’ విశాఖలో నీళ్లలోకి దిగకముందే, దాని అణు రియాక్టర్ తొలి నమూనా చెన్నైకి దక్షిణాన కల్పాక్కంలో నేల మీద నడిచింది. డీజిల్ జలాంతర్గాములు ఎక్కువ రోజులు మునిగి ఉండేందుకు డీఆర్‌డీవో రూపొందించిన ఫ్యూయల్ సెల్ వ్యవస్థను కూడా 2021లో ముందు గట్టు మీదే నడిపి చూశారు.

ఓడ జలప్రవేశానికి జనం చప్పట్లు కొడతారు, టార్పెడో గురి తగిలితే పత్రికలు రాస్తాయి. దానికి ఏళ్ల ముందు తొట్టె పక్కన నిలబడి, పనికిరాని రెక్కల్ని ఒక్కొక్కటీ పక్కన పెట్టినవారి పేర్లు బయటికి రావు. మరో దేశం టార్పెడో అమ్ముతుందేమో గానీ, ఆ రెక్కకు ఆ వంపే ఎందుకు పెట్టారో చెప్పదు. ఆ కారణం మనంతట మనం తెలుసుకోవాలంటే తొట్టె, సొరంగం, పరీక్షా బల్ల మన దగ్గరే ఉండాలి. వాటి మీద పెట్టే ప్రతి రూపాయీ ఆయుధానికి పెట్టినంత విలువైనదే.