బీడీ ఆకు కత్తిరింపు (కామారెడ్డి జిల్లా)

తునికాకును నానవైచి, అచ్చు కొలతకు కత్తెరతో ఖండించి, బీడీ చుట్టుటకు అనువుగా సిద్ధపఱచు హస్తకర్మ ఇది. తెలంగాణమున పూర్వపు నిజామాబాదు, కరీంనగరము జిల్లాలయందు ఈ పని విశేషముగ వ్యాపించినది. 2016 అక్టోబరు 11న నిజామాబాదునుండి వేరుపడిన కామారెడ్డి జిల్లాయందు నేటికిని అనేక కుటుంబముల స్త్రీలకిది జీవనాధారము.

20వ శతాబ్దపు తొలియేండ్లలో గుజరాతు వర్తకులు జబల్పూరు పరిసరముల తునికి యడవుల నాశ్రయించి పెంపొందించిన యీ వృత్తి, క్రమముగ దక్షిణమునకు దిగి, అడవియాకు దొరకునట్టియు, మెట్టసేద్యము ఏడాది పొడవునా పనియీయజాలనట్టియు ఉత్తర తెలంగాణపు పల్లెలలో వేళ్లూనెను. వేసవిలో తునికియాకును ఏరి, యేబదేసి చొప్పున కట్టలుగట్టి, కల్లములలో ఆరబెట్టి సంచులకెత్తుదురు. 1971 నాటి శాసనముచే ఆ యాకు వ్యాపారము ప్రభుత్వాధీనమైనది.

కార్ఖానావారు తూచి యిచ్చిన యాకును నీట ముంచి, తడిగోనెలో చుట్టియుంచి, మెత్తబడినపిదప ఇంటిపనుల నడుమ కత్తెర పట్టుదురు. ఆకుపై రేకు అచ్చునుంచి అంచువెంబడి కోయునపుడు, మందపు టీనెను, పురుగు తిన్న తావులను, మచ్చలను తప్పించి, ఒక్కొక యాకునుండి ఎన్ని ముక్కలు రాబట్టవచ్చునో కంటితోనే నిర్ణయింపవలయును. నేర్పంతయు నిందే యున్నది. ఏలయన ఆకు నాసిదై ముక్కలు తక్కువపడినచో, వేయి బీడీల లెక్క నింపుటకు కొఱతయాకును పలుమాఱు పనివారే కొనవలసివచ్చును. పిమ్మట చాట నొడిలోనిడుకొని, ముక్కలో తంబాకు నింపి చుట్టి, దారముగట్టి, మూతి మడచుదురు. చూపఱులకు చుట్టుటయే బీడీపనిగా దోచును. కాని ముక్క వంకరయైనచో చుట్ట వదులగును, అట్టి బీడీ కార్ఖానా తనిఖీలో త్రోసివేయబడును. గంటల తరబడి కత్తెర నాడించుటచే బొటనవ్రేలు కాయలు గాచును. వంగి కూర్చుండుటచే మెడయు నడుమును నొచ్చును.

1966 నాటి బీడీ, చుట్ట కార్మికుల చట్టము 29వ సెక్షనులో కర్మాగారము వెలుపల ఆకు తడుపుటను, కత్తిరించుటను పేర్కొని, అందులకు రాష్ట్ర ప్రభుత్వము అనుమతి నీయవచ్చునని చెప్పినది. ముడిసరుకు జారీని గూర్చియు, త్రోసివేసిన బీడీలను గూర్చియు కలుగు వివాదముల పరిష్కారమునకు 39వ సెక్షను దారి చూపినది. సుప్రీంకోర్టు 1974లో ఆ చట్టమును సమర్థించి, 1985లో ఇంటియొద్ద పనిచేయువారికిని భవిష్యనిధి హక్కు వర్తించునని తీర్పు చెప్పెను. 1976లో బీడీ కార్మికుల సంక్షేమనిధి సుంకముతో నేర్పడినది; 2017లో జీఎస్‌టీ రాకతో ఆ సుంకము రద్దయినది. తెలంగాణ ప్రభుత్వము 2015లో ఆరంభించిన బీడీ కార్మికుల జీవనభృతి 2019 నుండి నెలకు 2,016 రూపాయలైనది.

కూలి సాధారణముగ వేయి బీడీల లెక్కనే కట్టబడుచున్నది. ఆ రేటును నిర్ణయించువారు, కత్తెర చేతబట్టిన గంటలను గూడ గణనకు దెచ్చుట న్యాయము.