ఓడల ఊరి ఉరుము

నవంబరు 1 వస్తోందంటే పత్రికల అనుబంధాలన్నీ రాష్ట్ర అవతరణ వ్యాసాలతో నిండిపోతాయి. అదే తేదీన, 1982లో, ఇంగ్లండులో ‘బ్లాక్ మెటల్’ అనే ఎల్పీ విడుదలైంది. తెచ్చింది నీట్ రికార్డ్స్ అనే చిన్న లేబుల్, దాని ఊరు వాల్‌సెండ్. రాతి పలకలకు పేరుపడ్డ మార్కాపురానికీ దానికీ ఏం సంబంధం అంటారా? ఒక్క పనిని నమ్ముకుని బతికిన ఊరి కథ పలకల ఊరివాళ్లకు వేరే విడమర్చి చెప్పాలా! పైగా వినైల్ రాకముందు 78 ఆర్పీఎం రికార్డులను లక్కలో పలకరాయి పొడి కలిపి అచ్చొత్తేవారు. రాయికీ పాటకూ చుట్టరికం పాతదే.

వాల్‌సెండ్ పూర్వచరిత్ర గబగబా చెప్పేసుకోవచ్చు. రోమన్ చక్రవర్తి హేడ్రియన్ కట్టించిన గోడకు తూర్పు కొస ఇక్కడే. రోమన్లు వెళ్లాక శతాబ్దాల తరబడి చరిత్రకారులు ఇటు పెద్దగా తొంగిచూడలేదు. తర్వాత బొగ్గు వచ్చింది, ఆపైన టైన్ నది ఒడ్డున ఓడలు. టైటానిక్ మునిగినప్పుడు బతికినవాళ్లను ఎక్కించుకున్న కార్పేథియా ఇక్కడి యార్డులో తయారైనదే. 1970లు ముగిసేసరికి ఆ వైభవం తగ్గింది. కుర్రాళ్లకు పనుల్లేవు. గిటార్లు మాత్రం ఉన్నాయి.

ఆ ఊళ్లో ఇంపల్స్ అనే స్టూడియో నడుపుతున్న డేవిడ్ వుడ్ 1979లో నీట్ మొదలుపెట్టాడు. హెవీ మెటల్‌ను ఉద్ధరిద్దామనేం కాదు, తొలి రెండు సింగిల్స్‌కూ ఆ సంగీతానికీ సంబంధమే లేదు. మూడోది టైగర్స్ ఆఫ్ పాన్ టాంగ్ బృందానిది. అది జనానికి పట్టింది. పట్టిందని తెలియగానే ఎంసీఏ అనే పెద్ద కంపెనీ వచ్చి బృందాన్ని ఎగరేసుకుపోయింది. నీట్ జాతకం అప్పుడే తేలిపోయింది.

ఇక నాకు ఇష్టమైన ఘట్టం. సర్కారు శిక్షణ పథకం కింద ఇంపల్స్‌లో పనికి కుదిరిన కుర్రాడు కాన్రాడ్ లాంట్. పగలు ఎవరెవరి టేపులో చూసుకోవడం, వీలు దొరికితే తన బృందానికి కాస్త స్టూడియో సమయం ఇమ్మని వుడ్ ప్రాణం తీయడం. ఆ బృందమే వెనమ్. లాంట్ మొదట గిటారిస్టు, బేస్ వాయించేవాడు వెళ్లిపోతే అదీ తనే పట్టాడు. గిటార్ పెడల్స్‌లోంచే బేస్ మోగించాడు. గాయకుడూ వెళ్లిపోయాడు, పాటా తనే అందుకున్నాడు. పేరు క్రోనోస్ అని మార్చుకున్నాడు. మిగతా ఇద్దరు మాంటాస్, అబడాన్.

1981 ఆగస్టులో మూడు రోజుల్లో పాటలన్నీ రికార్డు చేశారు. అది నమూనా టేపు, అసలు ఆల్బమ్ తర్వాత తీరిగ్గా చేసుకోవచ్చనుకున్నారు. వుడ్ దాన్నే ‘వెల్‌కమ్ టు హెల్’ అని ఉన్నదున్నట్టు విడుదల చేసేశాడు. అట్ట మీద అయిదు కోణాల నక్షత్రం, అందులో మేక తల. జాతరలో మేకపోతులను చూస్తూ పెరిగిన నల్లమల పిల్లలు దానికి జడుసుకునే రకం కాదు గానీ, అక్కడి పెద్దలకు గుండె గుభేలుమంది. గరగరలాడే ఆ ధ్వని మీద ఎన్ని విసుర్లు పడ్డా, దాని కోసమే కుర్రాళ్లు ఎగబడ్డారు. మరుసటి ఏడాది వచ్చిన రెండో ఆల్బమ్ ‘బ్లాక్ మెటల్’ పేరే ఒక సంగీత శాఖకు పేరైపోయింది.

నీట్ వారి మరో బృందం రేవెన్ 1983లో అమెరికా పర్యటనకు వెళ్తే, వాళ్లకు ముందు వాయించిన కొత్త కుర్రాళ్లు మెటాలికా. నీట్ బృందమైన బ్లిట్జ్‌క్రీగ్ పాటను మరుసటి ఏడాది మెటాలికా మళ్లీ పాడింది. తర్వాత రేవెన్ అట్లాంటిక్ కంపెనీకి వెళ్లింది. అక్షరాలు దిద్దుకున్న పిల్లవాడు నోటుపుస్తకం రాగానే పలకను అటక మీద పడేసినట్టు, ఎదిగిన బృందాలు ఒక్కొక్కటే నీట్‌ను వదిలాయి.

ఆ తర్వాతి కథ కుదురుగా చెప్పడం కష్టం. 1993లో వాల్‌సెండ్‌లోని స్వాన్ హంటర్ ఓడల కంపెనీ దివాలా అంచుకు చేరింది. 1990ల్లోనే నీట్ పేరును టైగర్స్ మాజీ గాయకుడు జెస్ కాక్స్ కొని ‘నీట్ మెటల్’ నడిపాడు. పాత పాటలు శాంక్చురీ అనే కంపెనీకి చేరాయి. శాంక్చురీని 2007లో యూనివర్సల్ కొంది, 2013లో బీఎంజీ కొంది. వెనమ్ మాత్రం ఒకటి రెండైంది: క్రోనోస్‌ది వెనమ్, 2015లో మాంటాస్, అబడాన్ మొదలుపెట్టినది వెనమ్ ఇంక్.

మూడు రోజుల నమూనా టేపును ఆల్బమ్‌గా అమ్మే తెగువ పెద్ద కంపెనీలకు ఉండేది కాదు. నీట్ ఆస్తి అంతా ఆ తొందరపాటే. కొన్నవాళ్లకు పాటల హక్కులు దక్కాయి గానీ, కాగితాల మీద రాసుకోలేని ఆ తొందర ఎవరికీ దక్కలేదు.