పోతన త్రోవలో మూడు క్షేత్రాలు

మహాత్ముల జీవితంతో ముడివడిన చోట్లను దర్శించే ఆచారం అన్ని మతాలలోనూ ఉన్నది. ఇటలీలోని అసీసీకి వెళ్ళే కథోలిక యాత్రికులు, ఫ్రాన్సిస్ మహనీయుడు తన చేతులతో బాగుచేసుకొన్న చిన్న ప్రార్థనాలయాన్ని, దాని చెంతనే 1226లో ఆయన కన్నుమూసిన చోటును దర్శిస్తారు. ఆ చిన్న గుడి చుట్టూ తరువాత పెద్ద చర్చి కట్టినారు. మన బమ్మెర పోతనామాత్యునికి అటువంటి గుర్తులు తక్కువ. ఆయనను గురించి చెప్పవలసినవి ఆయన గ్రంథాలే. కనుక భాగవత అవతారికను చేతబట్టుకొని జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలలో మూడు చోట్లు చూసి వచ్చాను.

పోతన శైవాన్ని విడిచి వైష్ణవుడైనాడని తరగతి గదులలో తరచు వినబడే మాట. అది ఎంతవరకు నిలుస్తుందో చూడవలెనని నా కోరిక.

బమ్మెర, జనగామ జిల్లా పాలకుర్తి మండలంలోని గ్రామం. ఆ పాలకుర్తియే బసవపురాణాన్ని ద్విపదలో చెప్పిన పాల్కురికి సోమనాథుని ఊరు. ఆ పురాణాన్ని 1369లో భీమకవి కన్నడంలో రచించాడు. పాలకుర్తి గుట్టమీద సోమేశ్వరుడు ఒక గుహలో, లక్ష్మీనరసింహుడు మరొక గుహలో కొలువై ఉన్నారు. గుహలు రెండు, గుట్ట ఒక్కటే. ప్రహ్లాదచరిత్ర పాడిన కవికి ఇంతకన్న తగిన ఇరుగుపొరుగు ఏది?

రెండవది మహబూబాబాద్ జిల్లా కురవి. నన్నయకు ముందటి తెలుగు గద్యానికి సాక్ష్యమైన కొరవి శాసనం ఈ ఊరిదే. ఇక్కడి దైవం వీరభద్రుడు. ఈ స్వామినే తలచి పోతన వీరభద్రవిజయం రచించాడని నేననను. వీరభద్రభక్తి ఈ సీమలో ఎంత లోతుగా వేరూనినదో మాత్రం ఆ గుడి ముందు నిలిచినవారికి తెలుస్తుంది. ఆ కావ్యంలోని దక్షయజ్ఞ కథనే పోతన భాగవతం చతుర్థస్కంధంలో మరల చెప్పాడు. విడిచిపెట్టిన దైవం కథను అంత ప్రీతితో ఎవరు చెబుతారు?

మూడవది ప్రాణహిత గోదావరిలో కలిసే కాళేశ్వరం. మన పల్లెలలో గోదావరిని గంగ అనే పిలుస్తారు. చంద్రగ్రహణపు రాత్రి గంగలో స్నానమాడి, ఇసుకతిన్నెపై మహేశ్వరుని ధ్యానిస్తూ కన్నులు అరమోడ్చి ఉండగా రామభద్రుడు కనబడి భాగవతం తెనిగించుమన్నాడని పోతన చెప్పుకొన్నాడు. ఆ వచనాన్ని ఏటి ఒడ్డున కూర్చుండి చదువుకొన్నాను. ధ్యానించినది శివుని, కనబడినది రాముడు. శివుని విడువుమని రాముడు అనలేదు. స్కంధాంత గద్యలలోనూ తన కవిత్వం పరమేశ్వరుని కరుణవలన కలిగినదనియే పోతన చెప్పుకొన్నాడు.

ఆ తరువాత ఆయన చేరిన ఏకశిలానగరం ఓరుగల్లా, ఒంటిమిట్టా అన్న పండితవాదంలోకి నేను దిగను. ఊరు ఏదైనా ఆ వచనం మారదు. పోతనను ఒక శాఖకు కట్టివేసేవారు ముందు దానిని చదువవలె. మిత్రులు ఈ క్షేత్రాలకు వెళ్ళినప్పుడు అవతారిక పుటలు నాలుగు వెంట తీసుకొని వెళ్ళవలసినదిగా మనవి.

స్వస్తి.