బనగానపల్లె వజ్రపు గనులు

నేడు నంద్యాల జిల్లాలో చేరిన బనగానపల్లె ఒకప్పుడు వజ్రములకు ప్రసిద్ధి. ఇచ్చట వజ్రము, గులకరాళ్లు కలిసి గట్టిపడిన పలుచని రాతిపొరలో నుండెడిది. ఆ పొర జానెడు మందమైనను లేదు! పైనున్న బండను పూర్తిగ తొలగించుట అలవికాని పని. అందుచే పనివారు సుమారు 15 అడుగుల గుంత త్రవ్వి, అడుగున ఆ పొరవెంట పక్కలకు సొరంగములు తీసెడివారు. అందు నిలుచుట మాట అటుంచి, కూర్చుండి పనిచేయుటయే కష్టము. వెలికితెచ్చిన రాతిని దంచి, కడిగి, జల్లించి వెదకెడివారు. పొరజాడ గుర్తించు నేర్పు వారిదే. వారి పేర్లు మాత్రము చరిత్రకెక్కలేదు.

భూగర్భశాస్త్రజ్ఞుడు విలియం కింగ్ కడప, కర్నూలు శిలలపై 1872లో వెలువడిన గ్రంథమున ఈ పనిని వర్ణించెను. ఇంచుమించు అదే కాలమున ఆయనయే సింగరేణి ప్రాంతపు బొగ్గును కనుగొనెను. అచ్చట 1889లో త్రవ్వకము మొదలయ్యెను, రైలుమార్గమును వచ్చెను. బొగ్గుపొర అడుగులకొలది మందము, త్రవ్వినదంతయు సరకే. బనగానపల్లెలో గంపలకొలది రాయి దంచినను ఒక రవ్వ దొరకునన్న పూచీ లేదు. అట్టిచోట యంత్రములకు ధనము వెచ్చించు సాహసమెవరికి కలుగును? బ్రెజిలు వజ్రములు 18వ శతాబ్దిలోనే మన వజ్రముల గిరాకిని తగ్గించెను. 1870 పిమ్మట దక్షిణాఫ్రికా వజ్రములు విరివిగా రాగా మిగిలిన ఆశయు సన్నగిల్లెను.