పాలమూరు కూలీ పాదముద్ర

ఈ కాలపు పండితులు కొందరు దేశముల వెచ్చమును రూపాయలలో గాక నేలలో కొలుచుచున్నారు. ఒక మనుష్యుడు తిను తిండికి, కట్టు బట్టకు, ఉండు ఇంటికి ఎంత సారముగల భూమి కావలెను, అతని కొరకు కాలిన బొగ్గు, చమురుల పొగను పీల్చుకొనుటకు ఎంత అడవి కావలెను అని గణించి, ఆ మొత్తమునకు పర్యావరణ పాదముద్ర యని పేరిడిరి. కెనడా దేశమున ఆచార్యుడైన విలియం రీస్ 1992లో ఈ భావమును ప్రకటించెను; ఆయన శిష్యుడు మాథిస్ వాకర్నాగెల్ దానిని గణితముగా విస్తరించెను.

ఈ లెక్కలో అమెరికావాని పాదముద్ర సుమారు 20 ఎకరములు. భారతీయునిది సుమారు 3. భూమి భరింపగల దానిలో తలకు వచ్చు పాలు 4 ఎకరముల ప్రాంతము. ఈ అంకెలను చూచి మనము మితవ్యయుల మని మురియు గృహస్థులను మేమెరుగుదుము. ఆ మురిపెములో మాకు పాలు లేదు. ఆ 3 ఎకరములు ఎవరివి?

పండితుల ఎకరము లోకమందలి భూముల సగటు సారముగలది గాని, పాలమూరు చెలక ఎకరము గాదు. వానను నమ్ముకొన్న చెలక మూడెకరములున్న రైతు పంట చాలక గుంపుమేస్త్రీ యొద్ద అడ్వాన్సు పుచ్చుకొని ఆలుబిడ్డలతో ఊరు విడుచుట ఈ సీమలో తరతరముల కథ. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ పేర ఈ ఊరు 1890లో మహబూబ్‌నగరమయ్యెను. అయినను ఆనకట్టలు, కాలువలు త్రవ్వు చోట్ల నెల్ల ఈ జనము పాత పేరుతోనే, పాలమూరు లేబరుగానే, ప్రసిద్ధులైరి.

వారి చేతి పనికిని వారి బ్రతుకునకును గల దూరము శ్రీశైలమున తెలియును. 1963 జూలైలో నెహ్రూ ఆ ఆనకట్టకు శంకుస్థాపన చేసెను. 1981లో కర్నూలు, మహబూబ్‌నగరము జిల్లాలలో సుమారు నూరు గ్రామములు ఖాళీ చేయింపబడినవి. పోలీసులను నిలిపి ఇండ్లు కూల్చిరి. కూడలి సంగమేశ్వరాలయమును మాత్రము విప్పి, ఆలంపురము చేర్చి, మరల నిలిపిరి. దాని నిలిపినందుకు మేము సంతోషింతుము. మనుష్యుల యిండ్లకు అంత ఓపిక చూపినవారు లేరైరి. మరుసటి యేడు విద్యుత్తు పుట్టెను. తీగెలు పట్టణములకు వచ్చినవి.

పాదముద్ర గణితమున ఒక న్యాయమున్నది. వస్తువు పుట్టినచోట గాక, అనుభవించినవాని పద్దులో దానిని వ్రాయుదురు. మన ప్రత్తితో నేసిన చొక్కాను అమెరికావాడు తొడిగినచో, ఆ చేను అతని పద్దున చేరును. దేశమునకు దేశమునకు నడుమ ఇది చక్కని న్యాయమే. దేశము లోపలికి వచ్చునప్పటికి సగటు అడ్డుపడుచున్నది. కృష్ణలో ఊరు మునిగిన రైతునకును, ఆ నీటి విద్యుత్తుతో గదికొక చల్లని యంత్రము త్రిప్పుకొను పట్టణ గృహస్థునకును తలకు 3 ఎకరములే! నల్లమలలో గడ్డలు త్రవ్వుకొని తేనె తీయు చెంచువానికిని అన్నియే. పేదవాని పొదుపు మన దుబారాకు గొడుగై నిలిచినది. పరదేశములకు లెక్క చెప్పవలసినపుడు మనము వాని కొట్టపు నీడను నిలుచుందుము. ఇల్లు చేరగానే మరతుము.

పాలమూరి గడ్డపై పుట్టిన సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్రను వెలువరించి, రాజుల కథలకు బదులు జనుల తిండితీరును, కట్టుబొట్టును చరిత్రగా నెంచిరి. అట్టి కన్నుతోనే ఈ పద్దును తలకొక్కటిగా విడదీసి వ్రాయవలసియున్నది.

హైదరాబాదులో మా వీధి చివర పెద్ద మేడ యొకటి లేచుచున్నది. దాని ప్రక్క రేకుల కొట్టములలో పాలమూరు కుటుంబములున్నవి. వంట మూడు రాళ్ళ పొయ్యి మీద. మేడకు పట్టిన సిమెంటు, ఇనుము ఎవరి పద్దున పడవలెనో వారిలో ఎవరును మమ్మడుగలేదు. పని ముగిసినపుడు కొట్టములు విప్పి లారీ కెక్కింతురు. గృహప్రవేశమునకు వచ్చువారికి అవి కానరావు.