రెక్కలూపిన విమానం

1948 జూలై. బెర్లిన్ నగరంలోని టెంపెల్‌హోఫ్ విమానాశ్రయం. ముళ్లకంచెకు అవతల ముప్పై మంది దాకా పిల్లలు. ఇవతల అమెరికన్ పైలట్ గేల్ హాల్వర్సన్. డ్యూటీ లేని సమయంలో సినిమా కెమెరా పట్టుకుని విమానాలు దిగడాన్ని చిత్రీకరిద్దామని వచ్చాడు. పిల్లలు విమానాల గురించి, అవి మోసుకొచ్చే పిండి గురించి అడిగారు తప్ప, ఒక్కరూ చెయ్యి చాచలేదు. వాతావరణం బాగోక మీరు రాలేకపోయినా ఫర్వాలేదు, కొంచెం తిండితో సర్దుకుంటాం, స్వేచ్ఛ పోతే మాత్రం మళ్లీ దొరకదు అన్నారు.

సెలవు తీసుకుని నాలుగడుగులు వేసినవాడు ఆగిపోయాడు. జేబులో తడిమితే రెండే చూయింగ్ గమ్‌లు. సగానికి తుంచి కంచెలోంచి అందించాడు. నలుగురికి దక్కాయి. మిగిలినవాళ్లు తోసుకోలేదు, లాక్కోలేదు. పైన చుట్టిన కాగితాన్ని ముక్కలుగా చింపి పంచుకుని, ఆ ముక్కల్నే ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు.

హాల్వర్సన్ మనసు ఆగలేదు. మళ్లీ వచ్చేటప్పుడు అందరికీ సరిపడా పైనుంచి జారవిడుస్తానని మాటిచ్చాడు.

"ఇన్ని విమానాల్లో మీదేదో మాకెలా తెలుస్తుంది?"

"రెక్కలు ఊపుతాను."

ఆ రాత్రి తోటివాళ్ల రేషన్ చాక్లెట్లు కూడా పోగేసి, మూడు చేతిరుమాళ్లతో బుల్లి పారాచూట్లు కట్టాడు. మర్నాడు కంచె మీదుగా దిగుతూ విమానం అటూ ఇటూ ఊగింది. మూడు తెల్లటి గొడుగులు గాలిలో విచ్చుకున్నాయి. అప్పటినుంచీ పిల్లలకు అతను రెక్కలూపే మామయ్య.

పై అధికారుల అనుమతి లేకుండా చేసిన పని అది. సంగతి పత్రికలకెక్కడంతో పిలిపించి మందలించారు. అయితే విమానాల్లో సాగే సరఫరా మొత్తానికి అధిపతి అయిన విలియం టనర్ అడ్డు చెప్పలేదు, కొనసాగించమన్నాడు. మిగతా పైలట్లూ చేతులు కలిపారు. చివరికి రాలిన మిఠాయిలు దాదాపు 23 టన్నులు.

అసలు ఇన్ని విమానాలు ఎందుకంటే, ఆ ఏడాది జూన్‌లో సోవియట్ సైన్యం పశ్చిమ బెర్లిన్‌కు రైలు, రోడ్డు, నీటి దారులన్నీ మూసేసింది. ఇరవై లక్షలమందికి పైగా జనానికి పిండి, పాలపొడి, బొగ్గు అన్నీ ఆకాశం నుంచే రావాలి. మూడేళ్ల క్రితం ఇదే నగరం మీద బాంబులు కురిపించిన దేశాల విమానాలే ఇప్పుడు బస్తాలతో దిగాయి. 1949 మే 12న దిగ్బంధం తొలగింది.

2008 అక్టోబర్ 30న టెంపెల్‌హోఫ్ మూతపడింది. అదే ఏడాది మార్చిలో మన హైదరాబాద్‌లోని బేగంపేట నుంచి ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు తరలిపోయాయి. మల్కాజ్‌గిరి డాబాల మీద నిలబడి దిగే విమానాలకు చేతులూపిన పిల్లలకు ఆ వెలితి తెలుసు.

2010 మేలో టెంపెల్‌హోఫ్ మైదానాన్ని పార్కుగా తెరిచారు. సుమారు 300 హెక్టార్లు, అంటే 700 ఎకరాల పైమాటే. టికెట్ లేదు. రన్‌వేను తవ్వెయ్యలేదు. ఒకప్పుడు విమానాలు పరుగెత్తిన ఆ కాంక్రీటు మీద ఇప్పుడు సైకిళ్లు, స్కేట్లు పోతుంటాయి, ఆకాశంలో గాలిపటాలు. నేలమీద గూడు కట్టే భరతపక్షుల కోసం గడ్డిలో కొంత మేర కంచె వేసి వదిలేశారు. ఒక మూల జనం చెక్కపెట్టెల్లో మట్టి నింపి కూరగాయలు పండించుకుంటున్నారు.

ఇదంతా దానంతటదే నిలవలేదు. చుట్టూ అంచుల్లో ఇళ్లు, గ్రంథాలయం కడతామని నగర ప్రభుత్వం ముందుకొచ్చింది. ఇళ్ల కొరత నిజమే. కానీ జనం సంతకాలు సేకరించి విషయాన్ని ఓటు దాకా తెచ్చారు. 2014 మే 25న ఓటేసినవాళ్లలో 64 శాతం మంది మైదానాన్ని ఉన్నదున్నట్టు ఉంచాలన్నారు. అదే చట్టమైంది.

సందు సందునా అపార్ట్‌మెంట్లు లేచిన మల్కాజ్‌గిరిలో పిల్లవాడు బంతి విసరడానికి జాగా వెతుక్కోవాలి. ఖాళీ నేల కనబడితే ధర కట్టడం మనకు అలవాటైపోయింది. ఊరికి ఊపిరాడాలంటే కొంత నేల ఖాళీగానే ఉండాలి. దాన్ని ఉంచాలో అమ్మాలో తేల్చేముందు అక్కడి జనాన్ని అడగాలి. అడగకపోతే బెర్లిన్ వాసుల్లా మనమే సంతకాల కాగితం పట్టుకుని గడప గడపకూ తిరగాలి.