నోట్సు చెప్పిన చరిత్ర

మన విశ్వవిద్యాలయాల చరిత్ర రాసినవాళ్ళు శంకుస్థాపనల గురించి రాశారు, ఉపకులపతుల గురించి రాశారు, స్నాతకోపన్యాసాల గురించి రాశారు. లక్షలాదిమంది విద్యార్థులు నిజంగా ఏం చదివి పట్టాలు పుచ్చుకున్నారన్న సంగతి మాత్రం వదిలేశారు. వాళ్ళలో ఎక్కువమంది చదివింది పాఠ్యగ్రంథాలు కాదు, నోట్సు. ఈ మాట పైకి అనటానికి మన విద్యావేత్తలకు నామోషీ. విద్యార్థుల సోమరితనం వల్లా, గైడ్లు అచ్చువేసేవాళ్ళ దురాశ వల్లా చదువు చెడిపోయిందని వేదికలెక్కి వాపోవటమే గాని, నోట్సు అనేది ఏ చారిత్రక పరిస్థితుల్లో పుట్టింది, ఎవరి అవసరం తీర్చింది అని అడిగినవాళ్ళు తక్కువ.

అడిగితే 1857కి వెళ్ళాలి. ఆ సంవత్సరం జనవరి 24న కలకత్తా, జూలై 18న బొంబాయి, సెప్టెంబరు 5న మద్రాసు విశ్వవిద్యాలయాలు చట్టరీత్యా ఏర్పడ్డాయి. మే 10న మీరట్‌లో సిపాయిలు తిరగబడ్డారు. బొంబాయి విశ్వవిద్యాలయానికి సరిగ్గా ముందురోజు, జూలై 17న, తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ల నాయకత్వాన హైదరాబాదులో జనం బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడి చేశారు. ఒక చేత్తో తిరుగుబాటును అణుస్తూ రెండో చేత్తో విశ్వవిద్యాలయాలు పెట్టటంలో వలస ప్రభుత్వానికి వైరుధ్యమేమీ కనిపించలేదు. లండను విశ్వవిద్యాలయం నమూనాలో పరీక్షలు పెట్టి పట్టాలిచ్చే యంత్రాంగం కావాలని 1854 నాటి ఉడ్ తాఖీదు ముందే నిర్ణయించింది. అందుకే ఈ మూడూ మొదట్లో పాఠం చెప్పలేదు. చెప్పటం అనుబంధ కళాశాలల పని. ప్రశ్నపత్రం తయారుచెయ్యటం, జవాబులు దిద్దించటం, పట్టా ఇవ్వటం విశ్వవిద్యాలయం పని. అంటే చెప్పేవాళ్ళు వేరు, అడిగేవాళ్ళు వేరు. మద్రాసులో కూర్చున్నవాళ్ళు ఏం అడుగుతారో రాజమండ్రిలో కూర్చుని వూహించి జవాబు సిద్ధం చేసుకోవాలి. అలా సిద్ధం చేసుకున్న జవాబే నోట్సు. దాన్ని కన్నది సోమరితనం కాదు, పరీక్ష.

పాలకులకు ఇది తెలియదనుకోవటం పొరపాటు. బోధన పరీక్షకు లోబడిపోయిందని 1902లో కర్జన్ నియమించిన కమిషనే ఒప్పుకున్నది. దాని ఫలితంగా వచ్చిన 1904 చట్టం విశ్వవిద్యాలయాల మీద ప్రభుత్వం పట్టు బిగించింది గాని, చదువు మీద పరీక్ష పట్టు సడలించలేదు. స్వాతంత్ర్యం వచ్చాక 1948–49లో రాధాకృష్ణన్ కమిషన్, ఒకే ఒక్క సంస్కరణ సూచించమంటే పరీక్షల సంస్కరణే సూచిస్తామన్నది. ఆ తర్వాత ఏం జరిగిందో చెప్పనక్కరలేదు.

పుస్తకం లేకపోవటం రెండో కారణం. ఇక్కడ ఉస్మానియా అనుభవం గుర్తు చేసుకోవాలి. 1918లో ఆ విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో ఏర్పడింది. అందుకోసం 1917లోనే ఒక అనువాద శాఖను నెలకొల్పారు. పాఠం కంటే ముందు పుస్తకం కావాలన్న ఇంగితం నైజాం ప్రభుత్వానికి వుంది. ఆ సంస్థానంలో ఎక్కువమంది మాట్లాడే తెలుగుకు ఆ భాగ్యం లేకపోవటం భూస్వామ్య పాలన స్వభావాన్ని చెపుతుంది. తెలుగులో విశ్వవిద్యాలయ స్థాయి పుస్తకాల కోసం ఒక సంస్థ, తెలుగు అకాడమీ, 1968లో గాని రాలేదు. దాని సేవను తక్కువ చెయ్యను. కాని పుస్తకం అచ్చయి, మా వూరి దాకా వచ్చి, కొనుక్కునే స్తోమతు మాకు కలిగేలోగా పరీక్షలు అయిపోయేవి. పుస్తకం దొరికినా అందులోని సంస్కృత సమాసాలు మింగుడుపడేవి కావు. ఆ పుస్తకానికీ, ఇంట్లో మొదటిసారి కళాశాల గడప తొక్కిన కుర్రవాడికీ మధ్యనున్న అగాధాన్ని పూడ్చింది సీనియర్ల చేతిరాత నోట్సే.

1970లలో నేను డిగ్రీ చదివింది అలాంటి నోట్సుతోనే. మా కళాశాలల్లో “పాఠం చెప్పటం” అనీ “నోట్సు చెప్పటం” అనీ రెండు వేరువేరు మాటలుండేవి. పాఠం చెపుతుంటే కిటికీలోంచి బయటికి చూసినవాళ్ళు కూడా నోట్సు చెపుతానంటే కలాలు తీసేవాళ్ళు. 1857 తిరుగుబాటుకు కారణాలు అయిదు: రాజకీయ, ఆర్థిక, సాంఘిక, మత, సైనిక. కొవ్వు పూసిన తూటాలు తక్షణ కారణం. వైఫల్యానికి కారణాలు మళ్ళీ అయిదు. ఒక్కో కారణానికి ఇన్ని మార్కులని లెక్క. ఫ్రెంచి విప్లవానికీ అదే మూస, రష్యన్ విప్లవానికీ అదే మూస. కారణాలు, గమనం, ఫలితాలు. రైతు ఎందుకు నాగలి వదిలి ఆయుధం పట్టాడన్న ప్రశ్న ఈ గళ్ళలో ఎక్కడా ఇమడదు. ఆర్థిక కారణం ఒక గడి, సాంఘిక కారణం పక్క గడి. రెంటికీ సంబంధం వుందని చెప్పటానికి స్థలం లేదు. చరిత్రను వర్గదృష్టితో చూడటం నేర్చుకోవటానికి మా తరం ఎంత అవస్థ పడిందో నాకు తెలుసు. ఆ అవస్థలో సగం ఈ గళ్ళను చెరుపుకోవటానికే సరిపోయింది. మా నోట్సులో తుర్రేబాజ్ ఖాన్ లేడు. హైదరాబాదే లేదు.

సైన్సు మిత్రుల పరిస్థితి మెరుగేమీ కాదు. వాళ్ళకు “రికార్డు” వుండేది. లోలకం వూగకముందే గురుత్వ త్వరణం 980 దగ్గర తేలేది. కామర్సు నోట్సుకు ఆయుర్దాయం తక్కువ. 2013 కంపెనీల చట్టం ఒకసారి, 2017 జూలై 1న వచ్చిన జి.ఎస్.టి. మరోసారి వాటిని చిత్తు కాగితాలు చేశాయి.

అయితే నోట్సునే నిందించి వూరుకుంటే అది పై వర్గాల ఈసడింపుకు వంత పాడటమే అవుతుంది. పుస్తకాల బీరువాలున్న ఇళ్ళలో పుట్టినవాళ్ళకు నోట్సంటే చిన్నచూపు వుండటంలో వింత లేదు. కాని ఆధునిక భాషాశాస్త్రానికి పునాది అనదగిన సొస్యూర్ గ్రంథం ఏమిటి? 1907–1911 మధ్య జెనీవాలో ఆయన చెప్పిన పాఠాలను విద్యార్థులు రాసుకున్న నోట్సు. ఆయన పోయాక 1916లో దాన్ని కూర్చి అచ్చువేశారు. హెగెల్ చరిత్ర తత్త్వోపన్యాసాలు కూడా ఆయన మరణానంతరం, 1837లో, ఇలాగే గ్రంథరూపం పొందాయి. విని, తూచి, తన మాటల్లో రాసుకున్న నోట్సు వేరు. చెపితే రాసుకున్న నోట్సు వేరు. ఒకటి విద్యార్థి శ్రమ, రెండోది విద్యార్థి చేత చేయించిన గుమాస్తా పని.

మంచి నోట్సుకు ఆస్తిహక్కు అడ్డుపడిన సందర్భాలూ వున్నాయి. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయ అధ్యాపకుడు జాన్ లయన్స్ యూనిక్స్ అనే కంప్యూటర్ వ్యవస్థ మూలపాఠాన్ని విద్యార్థులకు విప్పి చెప్పటానికి 1976–77లో ఒక వ్యాఖ్యానం రాశాడు. ఆ వ్యవస్థ తర్వాతి కూర్పు నుంచి మూలపాఠాన్ని తరగతిలో వాడరాదని సొంతదారైన కంపెనీ షరతు పెట్టింది. దాంతో ఆ నోట్సు ఫోటోకాపీలకు ఫోటోకాపీలుగా చేతులు మారింది. బాహాటంగా అచ్చు కావటానికి 1996 దాకా ఆగవలసివచ్చింది. మన దేశంలో 2012లో మూడు పెద్ద విదేశీ ప్రచురణ సంస్థలు ఢిల్లీ విశ్వవిద్యాలయం మీదా, దాని ఆవరణలోని రామేశ్వరి ఫోటోకాపీ దుకాణం మీదా దావా వేశాయి. అధ్యాపకులు సూచించిన భాగాలను కాపీలు తీసి కుట్టి అమ్మటం నేరమట! 2016 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ దావాను కొట్టేసింది. బోధన అవసరం కోసం కాపీ చేసుకోవటానికి 1957 కాపీరైట్ చట్టమే చోటిచ్చిందన్నది. అప్పీలులో ధర్మాసనం కొన్ని వాస్తవాలు తేల్చమని కేసు వెనక్కి పంపినా ఆ సూత్రాన్ని కాదనలేదు. 2017లో ప్రచురణకర్తలే దావా విరమించుకున్నారు. విద్యార్థులు, అధ్యాపకులు దుకాణం పక్షాన కోర్టుకెక్కటం ఈ కేసులో నాకు నచ్చిన సంగతి.

తెలుగునాట ప్రభుత్వం చేసిన పనుల్లో నోట్సు సమస్యకు కాస్త దగ్గరగా వెళ్ళింది 1982లో ఏర్పడిన సార్వత్రిక విశ్వవిద్యాలయం. తరగతికి రాలేనివాళ్ళను దృష్టిలో పెట్టుకుని అధ్యాపకులు పాఠాలు తెలుగులో రాసి, అచ్చువేసి ఇంటికి పంపారు. ఇక్కడ నోట్సు చాటుమాటు సరుకు కాదు, విశ్వవిద్యాలయం తన పేరు పెట్టి బాధ్యత వహించిన పుస్తకం. అందుకే ఆ విశ్వవిద్యాలయం గుమ్మం తొక్కనివాళ్ళు కూడా ఉద్యోగాల పరీక్షలకు వాటిని వెతుక్కుని చదివారు.

2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డిగ్రీ చదువునంతటినీ ఇంగ్లీషు మాధ్యమానికి మార్చాలని నిర్ణయించింది. ఆ తర్వాత మా పక్కింట్లో డిగ్రీ చదివే అమ్మాయి తన చరిత్ర నోట్సు తెచ్చి, ఒక పేరా అర్థం చెప్పమన్నది. ఇంగ్లీషులో చెపితే రాసుకున్న నోట్సు. వరసల మధ్య సన్నగా పెన్సిలుతో తెలుగు అర్థాలు రాసుకుంది. కొన్ని తప్పులున్నా చాలావరకు సరైనవే. “ఇవి ఎవరు చెప్పారమ్మా?” అంటే, “ఎవరూ చెప్పలేదు తాతగారూ, నేనే వెతుక్కుని రాసుకున్నా” అన్నది. పుటలు తిరగేశాను. 1857 తిరుగుబాటుకు కారణాలు ఇప్పుడు ఏడయ్యాయి. తుర్రేబాజ్ ఖాన్ గురించి ఆ పూట ఆమెకు చెప్పాను. నోట్సు చివర ఖాళీగా వున్న పుటలో రాసుకుంది, తెలుగులో.